ఆరో అంతస్తులో ఒకరు

మంచు ఊరు విన్నిపెగ్‌లో రాత్రి డ్యూటీలు చేసేవాళ్ళందరికీ ఆ బిల్డింగ్ తెలుసు. పోర్టేజ్ అవెన్యూ వెనక, పదకొండంతస్తుల పాత రాతి బిల్డింగ్. దాని ఆరో అంతస్తుకి ఒంటరిగా వెళ్ళి చూసి రమ్మంటే, ఆరడుగుల సెక్యూరిటీ వాడు కూడా కడుపునొప్పి అనేవాడు.

ఆ అంతస్తు ఖాళీ. అద్దెకి ఎవరూ దిగలేదు. అయినా అర్ధరాత్రి దాటాక... లైట్లు వెలిగేవి. అన్నీ ఒక్కసారి కాదు. ముందు వెనకమెట్ల దగ్గరిది. తర్వాత దాని పక్కది. ఆ తర్వాతది — ఎవరో మెల్లగా నడిచి వస్తున్నట్టు.

ఈ సంగతి నాకు హలీనా దెర్కచ్ స్వయంగా చెప్పింది. ఒకే ఒక్కసారి. మళ్ళీ అడగడానికి నాకు నోరు రాలేదు.

హలీనా ఆ బిల్డింగ్‌లో లైట్లూ వేడీ చూసుకునే రాత్రి ఆపరేటర్. నేలమాళిగలో చిన్న గది, అందులో రెండు స్క్రీన్లు. రెండేళ్ళ కిందట కరెంటూ గ్యాసూ ఆదా కావాలని బిల్డింగ్‌ని లోపల్నించి మొత్తం మార్చేశారు. కిటికీలకి మూడేసి అద్దాలు వేశారు. సీలింగు నిండా చొక్కా గుండీలంత సెన్సర్లు బిగించారు. మనిషి ఉన్నచోటే వెలుతురు, మనిషి ఉన్నచోటే వేడి. ఎవరూ లేని అంతస్తుకి ఏడు డిగ్రీలు చాలు... పైపుల్లో నీళ్ళు గడ్డకట్టకుండా ఉంటే చాలు.

అంతకుముందు బిల్డింగ్‌కి వేడినిచ్చిన పాత బాయిలర్ని ముక్కలుగా కోసి లారీలో పట్టుకుపోయారు. దాన్ని ముప్ఫై ఒక్క ఏళ్ళు కనిపెట్టుకున్న ఆల్ఫోన్స్ డెరోజియేని కూడా అప్పుడే ఇంటికి పంపేశారు. హలీనాకి పని నేర్పింది ఆయనే. ఇంగ్లిష్ సరిగా రాని రోజుల్లో ఆమె చేసిన తప్పులన్నీ తన మీద వేసుకున్నదీ ఆయనే.

అక్టోబర్లో ఆ పెద్దాయన ఉండే అద్దెగదుల ఇల్లు తగలబడిపోయింది. ఆ తర్వాత ఆయన్ని చూసినవాళ్ళు లేరు. పోయాడనే అనుకున్నారు.

ఆరో అంతస్తులో లైట్లు మొదలైంది నవంబర్లో.

"ఆయనే అక్కా," అంది నెనీతా, గొంతు తగ్గించి. నెనీతా అక్కడ రాత్రిపూట శుభ్రం చేసే మనిషి. "కాలి చచ్చినవాళ్ళకి చలి ఎక్కువట. అందుకే వేడి పెట్టించుకుంటున్నాడు."

"నీ మొహం! సెన్సర్ పాడయ్యుంటుంది."

"పాడైన సెన్సర్ రోజూ మెట్ల దగ్గర్నించే మొదలెడుతుందా?"

హలీనా స్క్రీన్ వైపు తిరిగింది. స్క్రీన్ మీద ఆరో అంతస్తు ఎదురుగా ఒక అంకె. మనుషులు: 1.

జనవరి రెండో వారం. బయట మైనస్ ముప్ఫై ఎనిమిది. శుక్రవారం సాయంత్రం మేనేజర్ గ్రేమ్ ఆమె గదిలోకి వచ్చాడు.

"బుధవారం ఇంజనీరు తనిఖీకి వస్తోంది. కరెంటూ గ్యాసూ ఆదా చేస్తోందని మన బిల్డింగ్‌కి గ్రీన్ సర్టిఫికెట్ రావాలా, వద్దా? ఖాళీ అంతస్తు రాత్రంతా ఇరవై డిగ్రీలు తాగుతుంటే ఏమని చెప్పను? ఆ సెన్సర్లని పట్టించుకోవద్దని సిస్టమ్‌కి చెప్పెయ్."

"నిజంగా ఎవరైనా ఉంటే?"

"ఎవరు? మీ దెయ్యమా? దెయ్యానికి హీటరెందుకు, హలీనా?" నవ్వాడు. అంతలోనే నవ్వు ఆపేశాడు. "ఇది నీవల్ల కాదంటే చెప్పు. చేసేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు."

ఆ రాత్రి రెండున్నరకి ఆమె లిఫ్టెక్కింది.

తలుపు తెరుచుకుంది. అడుగు బయట పెట్టగానే తల మీద లైటు వెలిగింది. ముందంతా చీకటి...

అప్పుడు, వరండా చివర — ఇంకో లైటు వెలిగింది.

ఎవరూ లేరు. తివాచీ, గోడ, సామాన్ల గది తలుపు. అంతే.

హలీనా కదల్లేదు. కదిలితే తన వైపు నుంచి ఇంకో లైటు వెలుగుతుందని భయం.

దగ్గు వినిపించింది.

పొగ మింగినవాడి దగ్గు. లోతుగా, తడిగా... ఎవరో నోటికి గుడ్డ అడ్డం పెట్టుకున్నట్టు.

"పెద్దాయనా," అంది. "మీరేనా?"

ఆమె లిఫ్టు తలుపు అంచు పట్టుకుంది.

"ఇక్కడ మీకు పనేం లేదండీ. మీ కోసం ప్రార్థన చేయిస్తాను. వెళ్ళిపోండి... మీరిక్కడుంటే నా ఉద్యోగం పోతుంది."

కాసేపటికి చివరి లైటు ఆరిపోయింది. దగ్గు మళ్ళీ వినపడలేదు.

కిందికొచ్చి, ఆ సెన్సర్లని పట్టించుకోవద్దని సిస్టమ్‌కి చెప్పేసింది. ఖాయమేనా అని అది అడిగింది. ఖాయమే అంది. స్క్రీన్ మీద ఒకటి సున్నా అయింది, ఆరో అంతస్తు వేడి ఏడు డిగ్రీలకి దిగసాగింది.

సోమవారం నెనీతా ఆమె చెయ్యి పట్టుకుంది. "వెళ్ళిపోయాడక్కా. నిన్న చర్చిలో ఆయన పేరున కొవ్వొత్తి వెలిగించాను."

బుధవారం ఇంజనీరు వచ్చింది. తక్కువ మాట్లాడే మనిషి. హలీనా డ్యూటీకొచ్చే సరికి ఆమె ఇంకా స్క్రీన్ ముందే ఉంది.

"ఆరో అంతస్తు ఖాళీయే కదా?"

"ఖాళీయే. సెన్సర్లు తప్పు చూపిస్తుంటే తీసేశాం."

"మనుషుల్ని లెక్కపెట్టేవి తీసేశారు. గాలిని కొలిచేవి నడుస్తూనే ఉన్నాయి." ఒక గీత మీద వేలు పెట్టింది. "మనం వదిలే ఊపిరిని కొలుస్తుందిది. చూడండి. రోజూ రాత్రి పెరుగుతోంది, పొద్దున్నే తగ్గుతోంది. ఎవరో వచ్చి పడుకుని వెళ్ళినట్టు."

హలీనా స్క్రీన్ దగ్గరికి వంగింది.

"పోయిన శుక్రవారం రాత్రి నుంచి పొద్దున కూడా తగ్గలేదు. శనివారమంతా ఉంది. ఆదివారమంతా ఉంది." వేలు కొంచెం జరిగింది. "ఆదివారం రాత్రి పదకొండు నుంచి... మెల్లగా దిగిపోయింది. ఆ తర్వాత ఏమీ లేదు."

హలీనా లిఫ్టు కోసం ఆగలేదు. ఆరంతస్తులూ మెట్ల మీద పరుగెత్తింది. వరండాలో ఒక్క లైటూ వెలగలేదు. ఫోను వెలుతుర్లో గోడ పట్టుకుని నడిచింది. నోట్లోంచి ఆవిరి వస్తోంది.

సామాన్ల గది తలుపు గడియ వేసి లేదు.

ఆల్ఫోన్స్ గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. రెండు కోట్లు, వాటి మీద ప్లాస్టిక్ షీటు. పక్కన దగ్గుమందు సీసా, లైబ్రరీ పుస్తకం, బిల్డింగ్ వెనక తలుపు పాత తాళంచెవి. ఒక చేతి వేళ్ళు హీటర్ మీద ఉన్నాయి. హీటర్ ఎంత చల్లగా ఉందో, వేళ్ళూ అంత చల్లగా ఉన్నాయి.

నిమోనియా, దాని మీద చలి అన్నారు డాక్టర్లు. శనివారం నాటికే లేవలేకపోయి ఉంటాడన్నారు.

"లోపల మనిషి ఉన్నట్టు ముందే ఎవరికైనా తెలుసా?" అని అడిగాడు పోలీసాయన.

"ఎలా తెలుస్తుందండీ?" అన్నాడు గ్రేమ్ గబగబా. "దొంగతనంగా వచ్చినవాడు."

"నాకు తెలుసు," అంది హలీనా. "బిల్డింగ్ రోజూ చెప్పింది, ఒక మనిషున్నాడని."

పోలీసాయన రాసుకోవడం ఆపి తలెత్తాడు.

"శుక్రవారం రాత్రి నేను అక్కడికి వెళ్ళి ఆయన్ని పిలిచాను కూడా. తలుపు వెనకాలే ఉన్నాడు, అన్నీ విన్నాడు. పలికితే... నా ఉద్యోగం పోతుందని, దగ్గు కూడా ఆపుకున్నాడు."