పన్నెండో చేను మసూరు

"ఏయ్ మిస్టర్! జేబులో ఏం వేశావ్?"

మసూరు పప్పు చేలో వంగి ఉన్న కుర్రాడు ఉలిక్కిపడి లేచాడు. చేతిలో కాగితం కవరు, అందులో గుప్పెడు కాయలు.

"జేబులో కాదండీ, కవర్లో. నా పేరు లాంబ్రోస్. యూనివర్సిటీ నుంచి వచ్చాను. ఈ లెఫ్కాదా దీవిలో కొండమీది మసూరు అసలెక్కడ పుట్టిందో తేల్చాలని..."

"మా చేల్లోనే పుట్టింది. కవరిలా ఇవ్వు."

"మీ నాన్నగారే కోసుకోమన్నారండీ!"

తండ్రి థొదోరిస్ అవునన్నాక కూడా స్టమాతియా నమ్మలేదు. తమ గింజ మీద చుక్కలుంటాయి. ఊళ్లో మరెవరి గింజకూ ఉండవు. బయటి సరుకు కలుపుతున్నారని ఎవరో పుకారు లేపాక ఏళ్లుగా కొనేవాళ్లు కూడా మొహం చాటేశారు. ఆ పుకారు లేపినవాళ్లే వీణ్ణీ పంపి ఉంటారు. పైగా ఆ నవ్వొకటి! మోసగాళ్లే అంత అందంగా నవ్వుతారు.

వారం రోజులు అతని వెనకే తిరిగింది.

"నా మీద నిఘానా?"

"మా చేలో నేను నడుస్తున్నా. నీకేం?"

"ఇది పక్కవాళ్ల చేనండీ."

ఆమె మొహం ఎర్రబడింది. కోపంతోనే అనుకుంది.

చివరి రోజు కాఫీ కొట్లో అతను లేవగానే బల్లమీది నోట్‌బుక్ తెరిచింది. 'పన్నెండో చేను. చుక్కల గింజ. ఊళ్లో దేనితోనూ పోలిక లేదు. అనుమానం.' అతను తిరిగిన చేలల్లో పన్నెండోది తమదే.

"దొరికావ్! మాది కల్తీ అని రాసుకున్నావ్!"

"రిజల్ట్ వచ్చేదాకా ఏం చెప్పలేనండీ."

"చెప్పక్కర్లేదు. బస్సెక్కు."

ఎక్కేశాడు. పీడ వదిలిందనుకుంది. కానీ బస్సు వచ్చే మలుపు వైపు రోజుకు రెండుసార్లు ఎందుకు చూస్తోందో తెలియక, ఆమెకు తన మీదే అనుమానం మొదలైంది.

అక్టోబరు వానలో తడిసి ముద్దయి గుమ్మంలో నిలబడ్డాడు లాంబ్రోస్. చొక్కాలో దాచిన కాగితాలు మాత్రం తడవలేదు.

"మీది కల్తీ కాదు. అంతా ఒకటే జాతి. మసూరు పువ్వు తనలో తానే కాయ కడుతుంది, పక్క చేనితో కలవడం చాలా అరుదు. అయితే ఇది ఈ కొండది కాదు. దీని చుట్టాలన్నీ సముద్రం అవతల, స్మిర్నా రేవు వైపున్నాయి."

థొదోరిస్ చేతిలోని రొట్టె ముక్క కింద పెట్టేశాడు.

"మా నాయనమ్మ యుద్ధంలో అక్కణ్ణుంచే కట్టుబట్టలతో పడవెక్కి వచ్చింది. ఒక మేజోడు నిండా గింజలు తెచ్చుకుంది. ఊరంతా పరాయిదానా అని పిలుస్తుంటే, ఇక ఆ మాటే ఎత్తొద్దంది. నీకూ చెప్పలేదమ్మడూ." లేచి టోపీ పెట్టుకున్నాడు. "ఆ కాగితం ఇటివ్వు బాబూ. బజార్లో చదివి వినిపిస్తా."

ఆయన కాగితం పట్టుకుని వెళ్లిపోయాడు.

"పోస్టులో పంపొచ్చుగా?" అంది స్టమాతియా.

"పంపితే నమ్ముతావా?"

"నమ్మను. కాగితం ఇవ్వడానికే వచ్చావన్నా నమ్మను."

"అందుకు కాదులే. నీకోసం వచ్చాను."

ఎక్కడైనా అబద్ధం దొరుకుతుందేమోనని ఆమె అతని కళ్లలో చాలాసేపు వెతికింది. తర్వాత పొడి తువ్వాలు అతని మొహాన విసిరి, పొయ్యి దగ్గరికి కుర్చీ జరిపింది.