పెళ్లిచూపుల్లో కునుకు

పెళ్లిచూపులకెళ్లి నిద్రపోయిన మొనగాణ్ణి గోదావరి జిల్లాల్లో నేనొక్కణ్ణే అయ్యుంటాను.

రొయ్యల మేత కంపెనీలో సేల్స్ ఉద్యోగం నాది. కాలవగట్ల మీద బండి నడుపుతుంటే కూడా రెప్పలు వాలిపోయేవి. ఆ రోజు ద్రాక్షారామంలో అప్పాజీగారు, దూరపు చుట్టరికమేగా అంటూ ముందే భోజనాలు పెట్టించారు. పనసపొట్టు కూర, గడ్డపెరుగు, ఆ పైన ఫ్యాను కింద మెత్తటి సోఫా. వాళ్లమ్మాయి హారతి కాఫీ తెచ్చేసరికి నేను గురక పెడుతున్నాను.

ఎవరో భుజం పట్టి గట్టిగా కుదిపారు. కళ్లు తెరిస్తే ఎదురుగా హారతి.

"ఊపిరి తీసుకోండి," అంది కంగారుగా.

నాతో ఆ అమ్మాయి అన్న మొదటి మాట అది. ఆ కళ్లు చూశాక తీసుకోవడం ఇంకా కష్టమైంది.

అప్పాజీగారు తువ్వాలు దులిపి లేచారు. "పిల్లని చూడమంటే గురక పెడతాడేంటండి? ఇలాంటోడికి మా అమ్మాయినివ్వను," అనేశారు.

మావాళ్లు తలొంచుకుని కారెక్కారు. హారతి మాత్రం గేటు దాకా వచ్చింది.

"సారీ అండి. మీరు నచ్చక కాదు," అన్నాను.

"తెలుసండి. మీ గురక విని అందరూ నవ్వారు. మధ్యలో ఊపిరి ఆగిపోయింది. అది ఎవరూ పట్టించుకోలేదు."

"మీకెలా తెలిసింది?"

"మా నాన్నగారిదీ ఇదే వరస. డాక్టరు దగ్గరికి రమ్మంటే, నేనా, గురకా అంటారు. ముందు మీరెళ్లండి. మీకు తగ్గితే ఆయన్ని లాక్కెళ్లొచ్చు."

"అంటే నేను శాంపిల్ పీసా?"

"ప్రస్తుతానికి," అని నవ్వి, ఫోన్ నంబరు ఇచ్చింది. మా కాకినాడ వచ్చేదాకా నాకు కునుకు రాలేదు.

డాక్టరుగారు ఒంటినిండా వైర్లు తగిలించి ఓ రాత్రి ఆస్పత్రిలో పడుకోబెట్టారు. స్లీప్ ఆప్నియా అని తేల్చారు. నిద్రలో గొంతు దారి మూసుకుపోయి మాటిమాటికీ ఊపిరి ఆగుతోందట. దాంతో మెదడు ఉలిక్కిపడి లేపుతోందట. పగటి కునుకులు అందుకేనట. బరువు తగ్గమన్నారు, పడుకునేటప్పుడు ముక్కుకి మాస్కు తగిలించి గొట్టంలోంచి గాలి పంపే మిషను వాడమన్నారు.

మాస్కుతో సెల్ఫీ దిగి హారతికి పంపాను. "ఇలాంటి మొగుడు ఎవరిక్కావాలండి?" అని రాశాను. సరదాకే రాశాను గానీ ఫోను చేతిలోంచి కింద పెట్టలేదు.

"సాక్షాత్తూ వినాయకుడిలా ఉన్నారు. తియ్యకండి," అని జవాబు వచ్చింది.

నెల తిరిగేసరికి కళ్ల ముందు మబ్బు విడిపోయింది. గట్టు మీద వెళ్తుంటే కొబ్బరాకుల మీద పడే వాన కూడా కొత్తగా కనిపించింది. ఆ హుషారులో ఎవరికీ చెప్పకుండా, వానలో తడుస్తూనే ద్రాక్షారామం వెళ్లిపోయాను.

అప్పాజీగారు పడక్కుర్చీలో గురక పెడుతున్నారు. పక్కనే హారతి ఫోన్లో రికార్డు చేస్తోంది. ఆయన లేచి నన్ను చూశారు.

"మళ్లీ పడుకోవడానికొచ్చావా?"

నేను నోరు తెరిచేలోగా హారతి ఫోన్లో రికార్డు చేసిన గురక వినిపించింది. ఆయన పగలబడి నవ్వారు. "ఈ కుర్రాడిదేనా?"

ఇంతలో ఫోన్లో గురక ఆగింది. వాన చప్పుడొక్కటే వినిపిస్తోంది.

"ఆగిపోయిందేంటి? ఫోను పాడైందా?"

"ఫోను బాగానే ఉంది నాన్నగారూ. ఆ గురక మీదే."

గుమ్మంలో నిలబడ్డ హారతి వాళ్లమ్మ మాణిక్యాంబగారు కొంగుతో కళ్లొత్తుకున్నారు. "అలా ఆగినప్పుడల్లా మళ్లీ మొదలయ్యేదాకా లేచి కూర్చుంటానండి. ఇన్నేళ్లుగా ఇదే పని," అన్నారు భర్తతో.

ఆయన లేచి భార్యని తన కుర్చీలో కూర్చోబెట్టారు. తర్వాత నావైపు తిరిగారు.

"నీకు నిజంగా తగ్గిందా?"

"తగ్గిందండి. ఇప్పుడు మీ అమ్మాయిని రెప్ప వెయ్యకుండా చూడగలను."

అనేశాక గానీ ఏమన్నానో తెలియలేదు. హారతి ఫోను అడ్డం పెట్టుకుని మొహం దాచుకుంది.

అప్పాజీగారు తువ్వాలు భుజాన వేసుకున్నారు. "ఆ మాస్కు తగిలించుకోవడమేదో నువ్వే దగ్గరుండి నేర్పాలి అల్లుడూ," అన్నారు.