సృజన దవడ ఒప్పుకుంది

"పేరు హనుమండ్లు. ఊరు మెట్‌పల్లి. బాపుది మామిడి పండ్ల యాపారం, నాది మనిషి పండ్ల యాపారం!" అని పీజీలో చేరిన రోజే క్లాసులో చెప్పి, తన జోకుకు అందరికంటే ముందు తానే నవ్విన మనిషిని సృజన ఏ ముఖంతో చూడాలి? మూతి ముడుచుకున్న ముఖంతో చూసింది.

"పండ్లన్ని బయటపెట్టకు. ఈగలు ముసురుతయి," అంది.

అదీ తొలి పలకరింపు.

కరీంనగర్ శివార్లలో ఉన్న ఆ డెంటల్ కాలేజీలో ఇద్దరూ చేరింది దవడ కీళ్ళు పట్టేసినవాళ్ళకు, పైపళ్ళకూ కిందిపళ్ళకూ పొత్తు కుదరనివాళ్ళకు వైద్యం చేసే విభాగంలో. దవడ దవాఖాన అన్నమాట. సృజన గోదావరిఖని బొగ్గుబావుల కాలనీ పిల్ల. కళ్ళకు కాటుక పెట్టేది గానీ, ఎదుటివాళ్ళకు కాటుక కంటే ముందు కాటే తెలిసేది. ఆ కాట్లలో ముప్పాతిక మువ్వీసం హనుమండ్లు వాటా.

అతగాడు తెల్లకోటు మీద 'డాక్టర్ హను' అని కుట్టించుకొచ్చాడు.

"మిగిలిన మండ్లు ఏడ పారేసుకున్నవ్?" అంది సృజన.

"హను అంటేనే దవడ. సంస్కృతంల చూస్కో. నేను పుట్టుకతోనే స్పెషలిస్టుని."

"నిజమే. పుట్టంగ దవడ ఒక్కటే వచ్చినట్టుంది. మీదికి మెదడు రాలే."

ఒకసారి సైకిల్ స్టాండు దగ్గర వానకు చిక్కుకుంటే గొడుగు పట్టాడు పాపం. "గొడుగు గూడ నీలెక్కనే ఉన్నది. జర గాలి తగిల్తే తిరగబడుతది," అని తడుస్తూ పోయింది. వెళ్ళాక హాస్టల్ కిటికీలోంచి ఆ గొడుగునే చూస్తూ నిలబడింది. ఆ సంగతి కిటికీకి తప్ప ఎవరికీ తెలియదు.

ఇంత నోరున్న పిల్లకు నోట్లోనే ఒక గుట్టుంది. నోరు తెరిస్తే చెవి పక్కన 'టక్' మనేది. రానురాను ఆవలించిన నోరు మూతపడక, చేత్తో సర్దుకోవలసి వచ్చేది. దవడ డాక్టరు కాబోయేదాని దవడే పట్టేస్తే పరువేం కావాలి? అందుకే దాచింది. జొన్నరొట్టె మానేసి పెరుగన్నం తినడం మొదలుపెట్టాక నూరీన్ మేడం పట్టేసింది.

ఆ విభాగానికి పెద్ద నూరీన్ మేడమే. సృజనను కుర్చీలో పడుకోబెట్టి, పళ్ళు చూసి, "నిద్రల పండ్లు నూరుతున్నవ్ బేటా. గింత అరిగినయి. ఎవరి మీద?" అంది. పక్కనున్న క్లాసుమేటు రాకేశ్ దగ్గి, హనుమండ్లు వైపు చూశాడు.

మందు స్ప్లింట్. పడుకునేటప్పుడు పళ్ళకు తొడుక్కునే తొడుగు. అది కుదరాలంటే ముందు దవడ పూర్తిగా వదులై, తన కీలు మీద తాను ఊగాలి. అసలు కీలకం ఆ కీలే. పిల్లలందరినీ చుట్టూ నిలబెట్టి మేడం పాఠమే చెప్పేసింది.

"గుంజితే దవడ రాదు. మన చెయ్యి మీద భరోసా ఉంటేనే పేషెంట్ వదులుతది. నోరు అబద్ధం ఆడుతది. దవడ కండకు అబద్ధం రాదు. సమజైందా?"

రాకేశ్ సృజన గడ్డం పట్టుకున్నాడు. కదల్లేదు. మేడం పట్టుకుంది.

"జర ఢీలా వదులమ్మా."

"వదిలిన మేడం."

"ఏడ వదిలినవ్? దుకాణం షట్టర్ లెక్కున్నది. ఏ హనుమండ్లూ, నువ్వు రా."

"గీయననా?" సృజన లేవబోయింది. "గీయన చేతికిస్తే నా దవడ మెట్‌పల్లి మార్కెట్ల తేలుతది."

"ఫికర్ చెయ్యకు. పచ్చికాయలు మేం కొనం," అని గ్లౌజులు తొడిగాడు.

బొటనవేలు ఆమె గడ్డం మీద ఆన్చాక మాత్రం జోకులు లేవు. "మెల్లగ ఊపిరి వదులు," అన్నాడు. అంతే. షట్టరు కాదు గదా, తలుపు కూడా లేదన్నట్టు దవడ వదులై, అతని వేలి మీద ఉయ్యాలలా ఊగింది.

మేడం వంగి చూసింది. "అరె! నాకియ్యని దవడ వీనికెట్లిచ్చినవ్?"

రాకేశ్ మళ్ళీ దగ్గాడు. సృజన ముఖం చిగుళ్ళ రంగుకు తిరిగింది. అందరికీ అర్థమైంది, ఒక్క మహానుభావుడికి తప్ప.

"నా టెక్నిక్ మేడం," అన్నాడు కాలరు సర్దుకుంటూ.

కిందిపళ్ళ మీద కాటు అచ్చు పడే బైట్ మెటీరియల్ ముద్ద పిండి, నోరు మూయించాడు. "గట్టిపడేదాక కదలకు, మాట్లాడకు." మేడం, పిల్లలు పక్క కుర్చీ వైపు కదిలాక గొంతు తగ్గించాడు.

"గిప్పుడు నువ్వు తిట్టలేవు గదా, గందుకే చెప్తున్న. గా అడివిలున్న జైనూర్ దవాఖాన పోస్టింగుకు నా పేరిచ్చిన. వచ్చే సోమవారం పోత. నా మీది కోపంతోనే నువ్వు పండ్లు నూరుతున్నవంటున్నరు. నావల్ల నీ దవడ ఖరాబైతుంటే నేనీడ ఎందుకు? ఇంకోటి... నువ్వంటే నాకు శానా ఇష్టం. పోయేటోనికి భయమేంది, చెప్పేసిన."

ఇదేం మగతనం! జవాబు చెప్పే నోటికి సీలు వేసి ప్రశ్న అడిగే ప్రేమికుణ్ణి ఎక్కడైనా చూశామా? సృజన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"మంటైతుందా?" అన్నాడు కంగారుగా.

భుజం మీద ఒక్కటిచ్చింది. అతను గబగబా ముద్ద బయటికి తీశాడు. పక్క కుర్చీ దగ్గర చెవులన్నీ ఇటు తిరిగాయి.

"దవడ డాక్టరంట, దవడ డాక్టరు! మేడం పాఠం చెప్తుంటే ఏం చేస్తున్నవ్? భరోసా లేనోని చేతిల దవడ వదులైతదా?"

హనుమండ్లు నోరు తెరిచాడు.

"మూస్కో. ఈగలు."

"మరి... గిన్ని దినాలు తిట్టుడేంది?"

"తిట్టకుంటే నా దిక్కు చూస్తివా? పండ్లు నూరింది కోపంతోనే. నీకు సమజ్ కాదేందని." మేడం వైపు తిరిగింది. "మేడం, స్ప్లింట్ పెట్టినంక వారం వారం సరిచెయ్యాలె గదా. డాక్టర్ జైనూర్ల ఉంటే పేషెంట్ ఏడుండాలె? నా పేరు గూడ రాయుండ్రి."

"రాస్త గని," అంది మేడం, "ఆడ గూడ కొట్లాడుకుంటరా?"

"ఆడనైతే వినేటోళ్ళు తక్కువుంటరు మేడం!" అని సృజన పెద్దగా నవ్వింది. 'టక్' మంది. ఈసారి దాచుకోలేదు.

హనుమండ్లు చటుక్కున ఆమె చెంప కింద చెయ్యి పెట్టాడు.

"జర పైలం. జీవితాంతం నన్ను తిట్టాల్సిన దవడ అది."