ట్యాంకీలోకి దిగే మనిషి

పుష్యమాసపు చలికి తాండూరులో ఇంకా ఎవరూ దుప్పట్లు తీయలేదు. దశరథం మాత్రం డాబా మీద నిలబడి, ట్యాంకీ కింద కారుతున్న గేట్ వాల్వును గుర్రుగా చూస్తున్నాడు. ముప్పై ఏళ్లుగా ఎవరింట్లో నల్లా కారినా పరుగెత్తే ప్లంబరు, సొంతింటి వాల్వును రెండు నెలలుగా ‘రేపు, రేపు’ అంటూ నెట్టుకొచ్చాడు. ఊరందరికీ శకునం చెప్పిన బల్లి కుడితి తొట్టిలో పడిందన్నట్టుంది వ్యవహారం.

నిజానికి అతని కోపం వాల్వు మీద కాదు, కూతురు రజిని మీద. ఐటీఐలో ప్లంబింగు నేర్చుకున్న ఆ పిల్లను వికారాబాద్‌లో ఒక అపార్ట్‌మెంట్ వాళ్లు పనిలోకి రమ్మన్నారు. రేపే చేరాలి, లేకపోతే ఇంకొకరిని పెట్టుకుంటారు. దశరథం వద్దంటే వద్దన్నాడు. మూడు రోజులుగా ఆ ఇంట్లో ఎవరికీ ముద్ద దిగడం లేదు.

రజిని టీ గ్లాసు తెచ్చి గోడ మీద పెట్టింది.

“నాయినా, నువ్వు సరే అనకుంటే నేను పోను. కానీ ఎందుకొద్దంటున్నవో జర చెప్పు.”

“ఎన్నిసార్లు చెప్పాలె? గిది ఆడోళ్ల పని కాదు. పానా పట్టుకొని మందిండ్లల్ల తిరిగితే నవ్వరా? నేర్చుకుంటనంటివి, సరే అన్న. ఆ సర్టిఫికెట్ గోడకు తగిలిచ్చుకో, గంతే!”

అదే విసురుతో వాల్వును బిగించబోయాడు. పాత ఇత్తడి పిడి పుటుక్కున మొదలంటా విరిగింది. చుక్కలుగా కారుతున్న నీళ్లు ధార కట్టి దూకాయి. రజిని బకెట్ తోసింది. భార్య గౌరమ్మ చప్పుడు విని మెట్లెక్కి వచ్చింది. నల్లా లైను మరమ్మతు అని, నాలుగు రోజులు నీళ్లు రావని మున్సిపాలిటీ వాళ్లు నిన్ననే చెప్పిపోయారు. కింద అద్దెకున్న రెండు కుటుంబాలకూ ఆ ట్యాంకీయే ఆధారం.

ట్యాంకీ ఖాళీ చేయకుండా వాల్వు మార్చడంలో దశరథానికి ఊళ్లో మంచి పేరుంది. ఒకరు ట్యాంకీలోకి దిగి, అడుగున నీళ్లు బయటికి పోయే రంధ్రాన్ని అరచేత్తో అదిమిపెట్టాలి. బయట ఇంకొకరు పాత వాల్వు విప్పి కొత్తది బిగించాలి. గుడ్డ కుక్కితే పైపులోకి జారి ఇరుక్కుంటుందని అతను అరచేతినే నమ్ముతాడు. అయితే ఆ అరచేయి ఏనాడూ అతనిది కాదు.

“గౌరమ్మా, దిగు,” అన్నాడు పెట్టెలోంచి కొత్త వాల్వు తీస్తూ, చెంబు అందుకోమన్నంత మామూలుగా.

గౌరమ్మ కదల్లేదు. “నేను దిగ.”

“ఏందీ?”

“గిది ఆడోళ్ల పని కాదంటివి గదా. నేను దిగ.”

“నీళ్లు పోతుంటే నీకు పరాచికాలా?”

“పరాచికం కాదు.” గౌరమ్మ ఒకడుగు ముందుకేసింది. “ముప్పై ఏండ్లసంది నీ ఎనుక ట్యాంకీలల్ల దిగిన. కొంగు నడుముకు చుట్టుకొని మెడదాక నీళ్లల్ల కూసున్న. రజిని ఆరో నెల కడుపుల ఉన్నప్పుడు గూడ దిగిన. అప్పుడు ఎవ్వరు నవ్వలేదా? నేను చీర పిండుకుంటుంటే ఆ ఇంటోళ్లు నిన్ను మెచ్చుకునేటోళ్లు. గామె ఎవరని ఒక్కలు అడుగలే, నువ్వన్న చెప్పలే. నాది పని కాదు, దీనిది పని కాదు. మరి పనంటే ఏంది?”

దశరథం కూతురి వైపు తిరిగాడు. “బిడ్డా, నువ్వన్న దిగు. నేను బిగిస్త.”

రజిని అడుగు వేయబోయింది. గౌరమ్మ చేయి అడ్డం పెట్టింది. “అది దిగది. బిగిచ్చుడు నేర్చుకున్నది, బిగిస్తది. నువ్వు దిగు. లేకుంటే నీళ్లన్నీ పోనియ్.”

బకెట్ నిండి పొర్లింది. దశరథం గొణుక్కుంటూ చొక్కా విప్పాడు.

ముప్పై ఏళ్లలో అతను నీళ్లున్న ట్యాంకీలోకి దిగడం అదే మొదటిసారి. కాలు పెట్టగానే ప్రాణం జివ్వుమంది. లోపలంతా చీకటి, అడుగున పాకుడు. కూర్చుంటే తప్ప రంధ్రం అందదు. కూర్చుంటే నీళ్లు గడ్డం దాకా వచ్చాయి. అరచేయి పెట్టగానే పైపు దాన్ని పట్టి లాగింది.

“విప్పుతున్న నాయినా, చేయి తియ్యకు!” అంది రజిని బయట వాల్వు దగ్గర నుంచి.

కాసేపటికి వేళ్లు మొద్దుబారాయి. భుజం గుంజింది. చేయి జారితే ఆ నీళ్లన్నీ వాల్వు ముందున్న బిడ్డ మొహానికి కొడతాయి. ఆ భయం చలికంటే ఎక్కువైంది.

“అయిందా బిడ్డా?”

“పైపు మరలు తుప్పు పట్టినయ్ నాయినా. జర ఓర్చుకో.”

“అయిందా?” అని ఇంకోసారి అడిగి, ఠక్కున ఆగిపోయాడు. ఈ మాట అతనికి కొత్త కాదు. ఎన్నో ట్యాంకీల్లోంచి గౌరమ్మ గొంతు అలాగే అడిగేది. ‘ఊకె అడుగకు!’ అని తను కసిరేవాడు. పూడూరులో ఒకసారి ఇంటాయన చాయ్ ఇస్తే, వాల్వు సగంలో వదిలి, కబుర్లు చెబుతూ తాపీగా తాగాడు. అప్పుడు లోపలున్న గౌరమ్మకు ఆరో నెల. చీకట్లో దశరథానికి కళ్ల నీళ్లు ఆగలేదు.

“అయింది నాయినా! చేయి తియ్యి.”

వణుకుతూ బయటికొచ్చిన మొగుడికి గౌరమ్మ తువ్వాలు చుట్టింది. అతను పాలిపోయిన తన అరచేతిని చూసుకున్నాడు. నడుమ గుండ్రంగా ఎర్రటి వాత తేలింది. తర్వాత ఆమె చేయి పట్టుకొని, వెల్లకిలా తిప్పి, మొదటిసారి చూశాడు.

“నొస్తుండెనా?”

“మొదట్ల నొస్తుండె. తర్వాత తెల్వకపోతుండె.”

“పూడూరుల నేను... నువ్వు లోపలుండంగనే...”

“ఎరుకే,” అంది గౌరమ్మ మెల్లగా. “కప్పు సాసర్ల చప్పుడు లోపలికి ఇనవడ్డది.”

దశరథం నేల మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. గౌరమ్మ వద్దనలేదు. పక్కనే కూర్చుంది.

రజిని కొత్త వాల్వు కింద వేలు పెట్టి చూసింది. తడి లేదు. పానా తుడుస్తూ అలాగే నిలబడింది. ఆమె మొహంలోకి చూసే ధైర్యం దశరథానికి రాలేదు.

“రేపు పో బిడ్డా,” అన్నాడు. “గా అపార్ట్‌మెంట్ల ట్యాంకీలు పెద్దగుంటయ్. లోపల దిగేటోళ్లు లేకుంటే నాకు ఫోన్ చెయ్, నేనొచ్చి దిగుత. ఎవరన్న అడిగితే, బయట పని చేసేది నా బిడ్డ, నేను ఆమె కోసం లోపల నీళ్లకు చేయి అడ్డం పెట్టేటోన్నని చెప్త.”