కలెక్టర్ పేలాలి

"ముఠా మెసేజ్ డీకోడ్ అయింది. 'పిడుగు గుర్తు మారగానే కలెక్టర్ పేలాలి.' కలెక్టర్ గారి బంగళా చుట్టూ కమాండోలను పెట్టాం. నువ్వు తోటలో టవర్ చూసుకో," అన్నాడు చీఫ్ ఇయర్‌ఫోన్‌లో. "గ్లోరీ కవర్ మాత్రం చెడగొట్టకు."

ఏజెంట్ సలోమోనుకు ఆ చివరి మాటే పుండు మీద కారమైంది. మామిడి షావుకారు వేషంలో నూజివీడు తోట షెడ్డులో కూర్చున్నాడు. పిడుగుల గుర్తు, అంటే ప్లస్-మైనస్ పోలారిటీ, మారడాన్ని రికార్డు చేసే టవర్ పక్కనే ఉంది. రాకెట్ ప్రయోగాలకు కావలసిన ఆ రికార్డులను అడ్రసు లేకుండా చేయాలని విదేశీ ముఠా చూస్తోంది. ముఠా మనిషి సంతోష్ కుమార్ ఇంజనీరు వేషంలో ఎదురుగా ఉన్నాడు. పక్కన డబుల్ ఏజెంట్ గ్లోరీ. ముఠా దృష్టిలో తమ మనిషి, నిజానికి మన మనిషి, వచ్చే నెలలో సలోమోను భార్య.

ఆ కాబోయే భార్య మామిడికాయ కోసి, ఉప్పూకారం అద్ది, వాడి నోటికి అందిస్తోంది. సలోమోనుకైతే 'మీకు చేతుల్లేవా' అంటుంది. కాయ కోసం వాడి చెయ్యి షెడ్డులోని ఏ మామిడి పెట్టెలోకి వెళ్తే సలోమోను చూపు అటే వెళ్లింది.

వాన దంచింది. కూలీలంతా షెడ్డులోకి చేరారు. టవర్ మీద పిడుగు పడింది. టవర్‌కు జత చేసిన సలోమోను వాచీలో మైనస్. మళ్లీ పడింది, మళ్లీ మైనస్. వాన సన్నగిల్లగానే సంతోష్ లేచాడు.

"జంక్షన్‌కెళ్లి టీ పట్టుకొస్తా," అని జారుకున్నాడు.

పీడ విరగడైందనుకున్నాడు సలోమోను.

"ఏంటండీ షావుకారు గారూ," అంది గ్లోరీ పళ్లు బిగించి. "ఇందాకట్నుంచి కలెక్టర్ కోసి చూపిస్తున్నా, బేరమాడరేంటి?"

కలెక్టర్. ఈ తోటల్లో తోతాపురి మామిడికి అదే పేరు. ఇక్కడే పుట్టిన సలోమోను ఆమె వేళ్లు చూశాడు గానీ వేళ్లలోని కాయను చూడలేదు. అసూయ కళ్లకు గంతలు కట్టింది. మెసేజ్‌లో పేలాల్సింది కలెక్టర్ గారు కాదు, ఈ కాయల పెట్టె.

వాచీలో ముల్లు ప్లస్ వైపు జరుగుతోంది. మబ్బు అడుగున మైనస్ ఖర్చయి, పైనున్న ప్లస్ దిగే వేళ. మైనస్ పిడుగు తటాలున తగిలి పోతుంది. ప్లస్ పిడుగు కరెంటు నిలబడి పారుతుంది, బాంబు ఫ్యూజు కాగేది దానికే. ఇందరూ చచ్చినా పిడుగుపాటని రాసేస్తారు.

"బాంబు ఏ పెట్టెలో ఉందో నాకు తెలీదండీ," అంది గ్లోరీ గొంతు తగ్గించి.

"నాకు తెలుసు. వాడు అన్నిట్లో చెయ్యి పెట్టాడు, ఆ మూల పెట్టె తప్ప."

గెంతాడు. గడ్డి లాగాడు. కాయల కింద బాంబు, దాన్నుంచి టవర్‌కి వైరు. పెన్ను కట్టర్‌తో కోసి, కొసను బయటికి విసిరాడు.

ప్లస్. టవర్ తెల్లగా వెలిగింది. షెడ్డు రేకులు అదిరాయి. పెట్టె మాత్రం చల్లగా కూర్చుంది.

"మీ మాటలన్నీ విన్నాం, సంతోష్ జంక్షన్‌లో దొరికాడు," అన్నాడు చీఫ్. "మీ తోట కలెక్టర్ క్షేమమేనా?"

"క్షేమమే సార్. గ్లోరీ ముక్కలన్నీ వాడికి పెట్టి, నాకు టెంక మిగిల్చింది."