పర్మనెంట్ వద్దన్న అల్లుడు

అమ్మ మాత్రలు డబ్బాలో సర్దాలి. తన ఆస్పత్రి యూనిఫాం ఇస్త్రీ చేయాలి. కారుతున్న కుళాయికి ప్లంబర్‌ను పిలవాలి. అక్కకు ఫోన్ చేయాలి. దానికంటే ముందు అక్క అడగబోయే ప్రశ్నకు ఏదో ఒక జవాబు వెతికిపెట్టుకోవాలి.

"మీ ఆయనది ఇంకా కాంట్రాక్టేనా?"

ఇస్త్రీపెట్టె వేడెక్కేలోపే భర్త ఫోన్ మోగింది. ఆయన స్నానం చేస్తుంటే ఆమే ఎత్తింది. ఆయన్ను ఆ పెద్ద కంపెనీలో పనికి పెట్టిన ఏజెన్సీ అమ్మాయి.

"మేడమ్, సార్‌ని ఇంకోసారి ఆలోచించుకోమనండి. పిలిచి పర్మనెంట్ చేస్తామంటే వద్దన్న మనిషిని మేం ఇంతవరకు చూడలేదు."

తల తుడుచుకుంటూ వచ్చిన భర్తకు ఆమె ముఖం చూడగానే సంగతి అర్థమైంది.

"వద్దన్నారా?"

"అంటే..."

"అంటే గింటే కాదు. అన్నారా లేదా?"

"అన్నాను."

ఇన్నాళ్ళూ మింగినదంతా ఒక్కసారిగా బయటికొచ్చింది.

"కంపెనీ పుట్టినరోజని అందరికీ బ్యాగులిస్తే మీకివ్వలేదు. పెద్దాయన మీటింగుకి అందరూ హాల్లోకి పోతే, మోగే ఫోన్లన్నీ మీరొక్కరే ఎత్తారు. టీమ్ ఫొటోలో మీకోసం కళ్ళు చించుకుని వెతికాను. ఎక్కడున్నారండీ అంటే 'తీసింది నేనే' అన్నారు!"

"బాగానే వచ్చింది కదా ఫొటో?"

"వేళాకోళమా?"

పక్కగదిలోంచి చేతికర్ర చప్పుడు వినిపించింది. పడి తుంటి ఎముక విరిగినప్పటి నుంచి ఆమె తల్లి ఈ ఇంట్లోనే ఉంటోంది.

"పొద్దున్నే అల్లుణ్ణి అలా దులుపుతావేమే?"

"నీకు తెలుసా అమ్మా?"

"సాయంత్రం నన్ను నడిపిస్తూ చెప్పాడు. వద్దనకు బాబూ అని మొత్తుకున్నాను. వింటేగా!"

"అయితే తెలియనిది నాకొక్కదానికేనన్నమాట!" ఆమె విసురుగా ఇస్త్రీపెట్టె ప్లగ్ పీకేసింది.

భర్త కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు.

"ఆరు దాటితే మా పాస్‌కి అక్కడ తలుపులు తెరుచుకోవు. ఉంటామన్నా కాంట్రాక్టువాళ్ళని ఉండనివ్వరు. అందుకే వేళకి ఇంటికొస్తున్నాను. నేనొచ్చాకే కదా నువ్వు నైట్ డ్యూటీకి వెళ్ళేది? పర్మనెంటువాడి ఫోన్ దిండు కింద కూడా మోగుతుంది."

"అమ్మకి మనిషిని పెట్టుకోవచ్చుగా?"

"పెట్టాంగా. అత్తయ్య వారం తిరక్కుండా పంపించేశారు."

"నడిపించమంటే ఈడ్చుకుపోయేది!" అంది తల్లి.

"అప్పుడు డ్యూటీ మానేసేది ఎవరు? నువ్వే. ఎన్నేళ్ళు ఆగి వేసుకున్నావు ఆ యూనిఫాం!"

"ఆ మాట నన్నడగాలిగా?"

"అడిగితే ఒప్పుకోమనేదానివి. మర్నాడే రాజీనామా ఇచ్చొచ్చేదానివి. అయినా అడగాల్సింది. తప్పు నాదే."

ఆయన పర్మనెంట్ కావాలని ఆమె కోరుకున్న ప్రతిసారీ, అయితే తన ఉద్యోగం ఏమవుతుందోనని గుండెలో ఏదో బిగుసుకునేది. అది తప్పనుకుని ఎవరికీ చెప్పుకోలేదు. ఇప్పుడా బిగువు సడలుతుంటే కళ్ళవెంట నీళ్ళు ధారకట్టాయి.

"రేపు కాంట్రాక్టు పొడిగించకపోతే?"

"ఇంకోచోట వెతుక్కుంటాను. పని వచ్చు కదా!"

"ఏమో... ఈసారి నాకు చెప్పకుండా ఏదైనా చేశారో..."

"చెయ్యను. అత్తయ్య సాక్షి."

"నన్ను లాగకండర్రా మధ్యలోకి! ఏడుపులయ్యాయిగా, టీ పెట్టండి ఎవరో ఒకరు," అంది తల్లి. ముగ్గురూ నవ్వేశారు. ఎన్ని నెలలకో ఆమెకు ఊపిరి నిండుగా అందినట్టయింది.

మీ ఆఫీసులోనూ వేళ కాగానే బ్యాగు సర్దుకునే కాంట్రాక్టు మనిషి ఒకరుంటారు. 'వీడికి పనిమీద శ్రద్ధ లేదు' అనుకోబోయే ముందు, అతను వస్తే నాలుగడుగులు వేద్దామని గుమ్మం పట్టుకుని నిలబడి ఎదురుచూసే ఈ పెద్దావిడను దయచేసి ఒక్కసారి గుర్తుచేసుకోండి.