ఇరవై ఎనిమిది పేపర్లలో ఒకే తప్పు

"ఫిజిక్స్ ట్యూషన్ నాగసతీష్ గారంటే మీరేనాండి?"

రాజోలులో ఆ పేరుతో టెన్త్ పిల్లలకి ఫిజిక్స్ చెప్పేది నేనొక్కడినే కాబట్టి కాలర్ సర్దుకుని ఔనన్నాను. గుమ్మంలో ఒకావిడ. నా ఈడే ఉంటుంది. కళ్ళజోడు, వానకి సగం తడిసిన చున్నీ, చేతిలో మాత్రం చుక్క నీరు తగలని పరీక్ష పేపర్ల కట్ట.

"నా పేరు జ్యోతిర్మయి. హైస్కూల్‌కి కొత్తగా వచ్చిన ఫిజిక్స్ టీచర్నండి. ఈ తప్పు మీదేనా?"

పలకరింపు ఇలా కూడా ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది.

పైనున్న పేపరు చూశాను. పుటాకార కటకం లెక్క. నాభ్యంతరానికి మైనస్ గుర్తు పెట్టాలి, పెట్టలేదు. దాంతో పన్నెండు సెంటీమీటర్ల దూరంలో, వస్తువున్న వైపే ఉండాల్సిన ప్రతిబింబం కాస్తా అరవై సెంటీమీటర్ల అవతల పడింది.

"పిల్లాడు తొందరపడ్డాడండి," అన్నాను.

"ఇరవై ఎనిమిది మంది తొందరపడ్డారండి. అందరికీ అరవయ్యే వచ్చింది. అందరూ మీ ట్యూషనేనట."

గబగబా నా నోట్సు తీశాను. నా దస్తూరీయే. మైనస్ లేదు. మా ట్యూషన్‌లో రూలేంటంటే, ప్రతి లెక్కా చూసి పదిసార్లు రాయాలి. అంటే నా తప్పుని పిల్లలు రెండొందల ఎనభై సార్లు భక్తిగా రాసేరన్నమాట.

"చాలా శ్రద్ధగా నేర్పేరండి," అంది, నవ్వు ఆపుకుంటూ. ఆపుకోలేకపోయింది. ఎడమవైపు పన్ను మీద పన్ను. ఒళ్ళు మండిపోవాల్సిన సమయంలో నేను ఆ పన్ను చూస్తున్నాను, ఖర్మ.

"పదిసార్లు రాస్తే తప్పేంటండి?"

"చూసి రాస్తే చెయ్యి పనిచేస్తుంది, బుర్ర పడుకుంటుంది. ప్రీఫైనల్‌కి నెల ఉంది. శనివారం శనివారం వచ్చి నా పద్ధతి చూపిస్తాను. మార్కులు పెరిగితే మీరు ఆ పదిసార్లు మానెయ్యాలి."

"పెరక్కపోతే?"

"అప్పుడు తప్పు నా పద్ధతిదేనని పిల్లల తల్లిదండ్రులకి నేనే చెబుతానండి."

మార్కులు రావట్లేదని అప్పటికే నలుగురు తండ్రులు ట్యూషన్ మాన్పిస్తామని కబురు పెట్టేరు. సరేనన్నాను.

మొదటి శనివారం వచ్చి పుస్తకాలన్నీ మూయించింది. ఓమ్ నియమం గురించి గుర్తున్నదంతా తెల్లకాగితం మీద రాయమంది. సగం మంది శీర్షిక రాసి కింద గీత గీసేరు. ఆ గీత మాత్రం అందంగా ఉంది. అప్పుడు పుస్తకం తీసి, మర్చిపోయినవి ఎర్ర సిరాతో రాయించింది. చేసిన తప్పులకి విడిగా ఒక నోట్సు పెట్టించింది. ఇదే పాఠం మళ్ళీ మూడు రోజులకి, మళ్ళీ వారానికి చూడకుండా రాయాలంది.

రెండో శనివారం అద్దాలూ కటకాలూ కరెంటూ కలిపేసి లెక్కలిచ్చింది. "ఏ సూత్రం వాడాలో వాళ్ళే తేల్చుకోవాలి కదండీ. పరీక్షలో పాఠం పేరు రాసి ఇవ్వరు."

వెళ్తూ వెళ్తూ ఇంకోటి చెప్పింది. "చదివింది ఇంట్లో తెలియనివాళ్ళకి చెప్పమనండి. ఎక్కడ నోరు ఆగుతుందో అక్కడ రాదని అర్థం."

"పిల్లలకేగా?"

"మాస్టారికి ముందు."

అలా రోజూ సాయంత్రం మా అమ్మ అచ్చాయమ్మకి నా ఫిజిక్స్ పాఠం మొదలైంది. అమ్మ పనసపొట్టు కొడుతూ వినేది.

"అయితే నావి ఏ కటకాలురా?"

"దగ్గరవి కనపడవు కదా, కుంభాకారం."

"మరి ఆ పిల్లవి?"

"పుటాకారం... ఆవిడకి కళ్ళజోడుందని నీకెవరు చెప్పేరు?"

"మొన్న నువ్వే చెప్పేవు. నిన్న కూడా చెప్పేవు. పన్ను సంగతి రోజూ చెబుతున్నావు."

నోరు అక్కడే ఆగింది.

మూడో శనివారానికి పిల్లలు గడగడా చెబుతున్నారు. నాకు మాత్రం కొత్త దిగులు పట్టుకుంది. మార్కులు పెరిగితే ఆవిడ రాదు. పెరక్కపోతే పిల్లలు రారు. కొందరు తప్పితే బాగుణ్ణనిపించింది ఒక్క క్షణం. మాస్టారుగా సిగ్గుపడి, ఆ వారం రోజూ గంట ఎక్కువ చెప్పేను.

ప్రీఫైనల్ అయింది. తర్వాతి శనివారం పేపర్లతో వచ్చింది. కిందటిసారి యాభైకి సగటు పందొమ్మిది, ఈసారి ముప్పై నాలుగు. పిల్లలు ఆనందంతో ఇల్లు పీకి పందిరేసి వెళ్ళేరు. మేమిద్దరం మిగిలేం.

"ఇక నాకిక్కడ పనిలేదండి," అంది, కట్టకి తాడు కడుతూ. కట్టిన ముడి విప్పి మళ్ళీ కట్టింది.

నేను రాత్రంతా కూర్చుని కూర్చుకున్న మాటలన్నీ వదిలేసి, బల్ల మీద సుద్దముక్కలు ఏరడం మొదలెట్టేను. ఇంతలో అమ్మ కాఫీతో వచ్చింది.

"అమ్మాయ్, నిన్న మలికిపురం వెళ్ళేను. మీ నాన్నగారు సుబ్రహ్మణ్యేశ్వరరావు గారి కొబ్బరి కొట్టుకి. మావాడు రోజూ నాకు ఫిజిక్స్ చెబుతున్నాడండి, పాఠం పావుగంట, మీ అమ్మాయి సంగతి ముప్పావుగంట అన్నాను. ఆయన కాసేపు నవ్వి, మా ఇంట్లోనూ అంతేనండి అన్నారు."

జ్యోతిర్మయి ముఖం కందిపోయింది. ఇలాంటి అవకాశం జన్మకి ఒక్కసారి వస్తుంది.

"మీరు రాని శనివారం నాకొద్దండి," అన్నాను. "మీరంటే నాకు చాలా ఇష్టం. నన్ను పెళ్ళి చేసుకుంటారా?"

ఆవిడ నాకేసి చూడలేదు. మా అమ్మనడిగింది. "నాన్నగారు ముహూర్తం ఏమైనా అన్నారాండి?"

"ఫాల్గుణంలో మంచి రోజులున్నాయన్నారమ్మా."

"అప్పుడు కుదరదండి. పబ్లిక్ పరీక్షలు. పిల్లలకి రివిజన్ ఉంటుంది. వైశాఖంలో చూడమనండి."

అమ్మ తలూపి, కాఫీ గ్లాసులు బల్ల మీద పెట్టి లోపలికి వెళ్ళింది.

"నాకింకా జవాబు చెప్పలేదండీ మీరు," అన్నాను.

"ఇప్పుడు చెప్పిందేంటండి మరి?" అని పేపర్ల కట్ట నా చేతిలో పెట్టింది.